ఒక్కడే పైలట్, మబ్బుల్లో దారి, వారం వారం ప్రయాణం: ఏ చిన్న విమానం కొనాలి?

(బెంగళూరులో విమానాల మీద ఆసక్తి ఉన్న తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి విషయాన్ని ఒక మనిషిని పెట్టుకుని మాట్లాడదాం. ఆయన బెంగళూరులో ఉంటాడు. వ్యాపారం విజయవాడ వైపు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడపడానికి అనుమతి) కూడా సంపాదించుకున్నాడు. ప్రతి గురువారం పొద్దున వెళ్ళి పని చూసుకుని తిరిగి రావాలి. పక్క సీట్లో రెండో పైలట్ ఉండడు. టిక్కెట్లమ్మి జనాన్ని ఎక్కించుకునే ఆలోచన కూడా లేదు, దానికి వేరే పర్మిట్ కావాలి. తన పని, తన విమానం, తనే పైలట్. ఏది కొనాలి?

ఈ ప్రశ్నతో వచ్చేవాళ్ళు మామూలుగా స్పీడు దగ్గర మొదలుపెడతారు. తర్వాత రేటు, ఆ తర్వాత ఒక ఇంజనా, రెండా అని. నేను ముందు అడిగేది వేరు. మీరు మబ్బులో ఉన్నారు, బయట తెల్లగా తప్ప ఏమీ కనపడటం లేదు, నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పే ఏటీసీ మీకు కొత్త రూటు చదివి వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే ప్యానెల్ మీద ఒక ఎర్ర లైటు వెలిగింది. ఆ క్షణంలో మీ బుర్రలో ఇంకెంత ఖాళీ మిగిలి ఉంటుంది? ఆ ఖాళీని ఎక్కువగా మిగిల్చే విమానమే మీకు కావలసింది. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని ఒక బొనాంజా విమానంలో కూర్చోబెట్టి, బయట ఏమీ కనపడకుండా చేశారు. 20 మందీ అదుపు తప్పించారు. అందరికంటే తొందరగా తప్పించిన వ్యక్తికి 20 సెకన్లు పట్టింది, ఎక్కువసేపు నిలబెట్టిన వ్యక్తికి 480 సెకన్లు. సగటున 178 సెకన్లు, అంటే మూడు నిమిషాల లోపే. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నవాళ్ళకి ఇది వర్తించదుగా అంటారు. శిక్షణ వల్ల మన అలవాటు మారుతుంది, చెవి లోపల సమతూకం చెప్పే ద్రవం మాత్రం మారదు. రేటింగ్ ఉన్న పైలట్ కూడా కళ్ళు పరికరాల మీద నుంచి తీసి, ఒళ్ళో ఉన్న చార్టులోనో చెక్‌లిస్టులోనో తల దూర్చి ఒక అర నిమిషం గడిపితే, రెక్క మెల్లిగా వాలుతున్న సంగతి ఆ చెవి చెప్పదు. పైగా నిటారుగానే ఉన్నామని నమ్మకంగా చెబుతుంది.

మన తెలుగువాళ్ళకి దీని గురించి చెప్పాలంటే విదేశాల దాకా వెళ్ళక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు రచ్చబండ కార్యక్రమానికి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలిపోయింది. ఐదుగురు ప్రాణాలు పోయాయి. తర్వాత వేసిన విచారణ సంఘం నివేదిక ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాల్సింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి సంబంధించి ఒక సమస్య వచ్చింది. సిబ్బంది దాని గురించి చెక్‌లిస్టులో వెతకడంలో నిమిషాల తరబడి ఉండిపోయారు. ఆ లోపు హెలికాప్టర్ ఉరుముల మబ్బుల్లోకి వెళ్ళింది, బలమైన కిందిగాలికి చిక్కింది. అందులో ఇద్దరు పైలట్లు ఉన్నారు, రెండు ఇంజన్లు ఉన్నాయి, వేళకి చేరవలసిన కార్యక్రమం ఉంది. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇద్దరి దృష్టినీ ఒకే సమస్య లాగేసుకోగలిగినప్పుడు, ఒక్కడే ఉన్నవాడి సంగతి ఎలా ఉంటుందో ఆలోచించమని చెబుతున్నాను.

కాబట్టి మొట్టమొదట చూడాల్సింది ఆటోపైలట్. ఇంజన్ కంటే ముందు చూడాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో, ఐఎఫ్ఆర్‌లోగానీ (అంటే పరికరాల ఆధారంగా నడిపేటప్పుడు) రాత్రిగానీ ఒక్క పైలట్‌తో నడిచే వాణిజ్య విమానానికి పనిచేసే ఆటోపైలట్ ఉండాలని ఉంది. కనీసం ఎత్తుని, దిశని పట్టి ఉంచగలగాలి. దాంతో పాటు నోటి దగ్గర మైకు ఉన్న హెడ్‌సెట్, ఏ వెలుతురులోనైనా చదవగలిగేలా చార్టు పెట్టుకునే ఏర్పాటు ఉండాలి. ఆ చార్టు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కింద పడ్డ కాగితం కోసం వంగి, తల తిప్పి పైకి లేచిన క్షణంలోనే కళ్ళు తిరగడం మొదలవుతుంది. ప్రైవేట్‌గా నడిపేవాళ్ళు కూడా ఆ నియమాన్ని తమకి తామే వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆటోపైలట్ పనిచేయని రోజు మబ్బులోకి వెళ్ళకూడదు, గురువారం అయినా సరే.

అయితే ఆటోపైలట్ ఉంది అంటే సరిపోదు. పాత విమానం చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మేవాళ్ళని ఒక్క మాట అడగండి: ఈ ఆటోపైలట్‌కి విమానం ఎటు వాలిందో చెప్పేది ఎవరు? కేఎఫ్‌సీ 150, 200 లాంటి పాతవాటికి ఆ సమాచారం గాలిని లాగే వ్యాక్యూమ్ పంపుతో తిరిగే హొరైజన్ (విమానం వాలు చూపే పరికరం) నుంచే వస్తుంది. పంపు చెడిపోతే హొరైజన్ మెల్లిగా పక్కకి పడిపోతుంది, దాన్ని నమ్ముకున్న ఆటోపైలట్ కూడా పోతుంది. ఏ రోజు దాని అవసరం ఎక్కువో సరిగ్గా ఆ రోజే చేతులెత్తేస్తుందన్నమాట. కేఏపీ 140, ఎస్-టెక్ 55 లాంటివి మలుపుని చూపే టర్న్ కోఆర్డినేటర్ మీద ఆధారపడతాయి. అంత సుకుమారంగా నడపవు, కానీ వ్యాక్యూమ్ పోయినా రెక్కలు సమంగా ఉంచుతాయి. ఇప్పటి గార్మిన్ జీఎఫ్‌సీ 700 లాంటివి ఈ రెండింటికంటే చాలా ముందున్నాయి. అప్రోచ్‌ని, అంటే రన్‌వే వైపు దిగే దారిని, కిందిదాకా నడిపిస్తాయి, దిగకుండా మళ్ళీ పైకి లేవడానికి గో-అరౌండ్ నొక్కితే వీటిలో కొత్తవి వదిలేయకుండా పైకి తీసుకెళతాయి. వాటిలో చాలావాటికి ఒక నీలం బటన్ ఉంటుంది, విమానం పక్కకి వాలిపోతున్నప్పుడు నొక్కితే చాలు, రెక్కల్ని సమం చేసి నిలబెడుతుంది. ఆ బటన్ ఒక్కదాని కోసమే పాతదాన్ని వదులుకుని కొత్త ప్యానెల్ ఉన్నది కొనవచ్చంటాను. పాత విమానానికి కొత్త ఆటోపైలట్ వేయించుకునే దారి కూడా ఉంది గానీ, విమానాల నియమాలు చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి, ఆ పని చేసే వర్క్‌షాప్, ఈ రెండూ కొనకముందే తేల్చుకోవాలి.

తర్వాతది కరెంటు. ఇప్పటి విమానాల్లో అన్నీ స్క్రీన్లే, అంటే అన్నీ కరెంటు మీదే. రాత్రి మబ్బులో ఒక్క ఆల్టర్నేటర్ పోతే బ్యాటరీ ఎంతసేపు ఆదుకుంటుందో మీకు తెలిసి ఉండాలి. సిరస్ ఎస్‌ఆర్22లో రెండు ఆల్టర్నేటర్లుంటాయి. సెస్నా 172 కొత్త మోడళ్ళలో ఒక్కటే, దానికి తోడు స్టాండ్‌బై బ్యాటరీ. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో ఒక డైమండ్ డీఏ42కి జరిగింది వినండి. రెండు ఇంజన్ల విమానం. బ్యాటరీ నీరసంగా ఉంటే బయటి కరెంటుతో స్టార్ట్ చేసి బయల్దేరారు. గాల్లోకి లేచి చక్రాలు లోపలికి ముడవగానే, ఆ మోటారు లాగిన కరెంటుకి వోల్టేజీ పడిపోయింది, ఇంజన్లని నడిపే కంప్యూటర్లు రీసెట్ అయ్యాయి, రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగిపోయాయి. తర్వాత ఆ కంప్యూటర్లకి విడిగా బ్యాటరీలు పెట్టారు, ఇప్పటి విమానాల్లో ఆ లోపం లేదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, రెండు ఇంజన్లున్నంత మాత్రాన రెండు వేర్వేరు దారులున్నట్టు కాదు. ఆ రెండూ దేని మీద ఆధారపడి ఉన్నాయో వెనక్కి వెళ్ళి చూడాలి.

ఇప్పుడు వాతావరణం దగ్గరికి వద్దాం. మనవాళ్ళు బాగా పొరబడేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. విమానాల మీద మనం చదివేవన్నీ అమెరికా, యూరప్‌ల వాళ్ళు రాసినవి. వాళ్ళ పెద్ద భయం మంచు. రెక్క మీద మంచు పేరుకోవడం, దాన్ని వదిలించడానికి టీకేఎస్ అనే ద్రవం, రెక్క అంచున ఉబ్బే రబ్బరు బూట్లు. వాళ్ళ చలికాలపు మబ్బు నేల నుంచే సున్నా డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి ఆ భయం న్యాయమే. మన దగ్గర వర్షాకాలంలో సున్నా డిగ్రీలు దొరికేది 16, 17 వేల అడుగుల దగ్గర. మనం పిస్టన్ విమానంలో (కారు లాంటి ఇంజన్ ఉన్నదాంట్లో) ఎగిరేది 8, 10 వేల అడుగుల్లో. కాబట్టి ఈ దారిలో తిరిగే పిస్టన్ విమానానికి ఐసింగ్ సరంజామా కోసం అదనంగా డబ్బు, బరువు పెట్టాల్సిన అవసరం నాకు కనపడదు. ఆ ఎత్తు దాటి పైకి వెళ్ళే టర్బోప్రాప్ (జెట్ తరహా ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిప్పేది) అయితే సంగతి వేరు, దానికి తప్పకుండా ఉండాలి.

మన అసలు శత్రువు ఉరుముల మబ్బు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక బెంగళూరు చుట్టూ ఎలా లేస్తాయో మీకు తెలుసు. మామిడి జల్లులని మనం ముచ్చటగా పిలుచుకునే వాన, లోపల ఉన్న చిన్న విమానానికి ముచ్చట కాదు. వాటి తలలు 45, 50 వేల అడుగుల దాకా వెళతాయి. ఏ చిన్న విమానమూ దాని మీదుగా దాటలేదు, పక్క నుంచి తప్పుకోవాల్సిందే, అదీ తీవ్రమైనదైతే 20 మైళ్ళ దూరం నుంచి. తప్పుకోవాలంటే అది ఎక్కడుందో కనపడాలి. విడిగా నిలబడి ఉంటే కంటితోనే చూస్తాం. పొరలు పొరలుగా ఉన్న మామూలు మబ్బు లోపల దాగి ఉంటే?

అమెరికాలో పైలట్‌కి ఏడీఎస్-బీ అనే రేడియో వ్యవస్థ ద్వారా నేల రాడార్ బొమ్మ కాక్‌పిట్‌లోకే ఉచితంగా వస్తుంది. అందుకే అక్కడి సలహాల్లో సొంత రాడార్ అక్కర్లేదనే మాట తరచు వినిపిస్తుంది. అక్కడ కూడా ఆ బొమ్మ ఒక్కోసారి 15, 20 నిమిషాలు పాతదై ఉండొచ్చని వాళ్ళ ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో హెచ్చరించింది. మనకి ఆ సదుపాయమే లేదు. మన వాతావరణ శాఖకి చెన్నైలో, హైదరాబాద్‌లో, మచిలీపట్నంలో, విశాఖలో డాప్లర్ రాడార్లున్నాయి. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ బొమ్మలు చూడొచ్చు, చూడాలి కూడా. గాల్లోకి వెళ్ళాక మాత్రం ముక్కులోనో రెక్క మీదో ఉన్న సొంత రాడారే దిక్కు. కాబట్టి వర్షాకాలంలో కూడా గురువారం తప్పకూడదు అనేవాళ్ళకి నా జవాబు సూటిగా ఉంటుంది: రాడార్ ఉన్న విమానం కొనండి. లేనిది కొంటే జూన్ నుంచి నవంబర్ దాకా చాలా గురువారాలు రైలుకి వదిలేయడానికి ఇప్పుడే ఒప్పుకోండి. మెరుపుల్ని పసిగట్టే పరికరం కొంత సాయం చేస్తుంది, కానీ అది రాడార్‌కి బదులు కాదు.

గాలి గురించి కూడా ఒక లెక్క చూద్దాం. బెంగళూరు నుంచి విజయవాడ నేరుగా సుమారు 270 నాటికల్ మైళ్ళు. జులైలో నైరుతి గాలుల ప్రవాహం 5 వేల అడుగుల ఎత్తులో చాలా బలంగా ఉంటుంది. మనం ఎగిరే ఎత్తుల్లో 40 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పడమటి గాలి ఎదురైనా వింతేమీ లేదు. వెళ్ళేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, పొద్దున హాయిగా ఉంటుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎదురు. ఆ గాలి ఏటవాలుగా తగులుతుంది కాబట్టి 30 నాట్లు పోయాయనుకుందాం. 120 నాట్ల సెస్నా 172కి మిగిలేది 90. మూడు గంటలు. 175 నాట్ల విమానానికి అదే దారి రెండు గంటల లోపు. స్పీడు గురించి నేను పట్టించుకునేది ఇక్కడే. చేరుకునే తొందర కోసం అడగను. రోజంతా మీటింగుల్లో అలసిన మనిషి మబ్బులో, ఒక్కడే, ఎదురుగాలిలో ఇంకో గంట ఎక్కువ కూర్చోవాలా అన్నదే నా ప్రశ్న. అలసట కూడా ఆ బుర్రలో ఖాళీనే తినేస్తుంది.

ఎండ గురించి కూడా. బెంగళూరు సముద్ర మట్టానికి 3 వేల అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే, ఇంజన్‌కీ రెక్కకీ అది 6 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. గాలిని ఒత్తి ఇచ్చే టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. పూర్తి ఇంధనం, నలుగురు మనుషులు, సామాను అని బ్రోషర్ చూసి లెక్కలు వేసుకోకండి, ఈ ఎండలో లెక్క వేసుకోండి. విజయవాడ మే నెల ఎండలో గంట సేపు ఆపిన విమానంలోకి ఎక్కి కూర్చుంటే, ఏసీ లేకపోతే బయల్దేరక ముందే మనిషి సగం అయిపోతాడు, స్క్రీన్లు కూడా వేడికి మొరాయిస్తాయి. ఏసీని విలాసం కింద రాయకండి.

ఇక ఇంధనం. చెప్పడానికి పొడిగా ఉంటుంది గానీ మన దేశంలో చాలామంది నిర్ణయాన్ని తారుమారు చేసేది ఇదే. మామూలు పిస్టన్ విమానాలకి కావాల్సింది అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్. 2022 దాకా దాన్ని పూర్తిగా దిగుమతి చేసుకున్నాం. ఆ సంవత్సరం ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో మన దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టింది. మంచి పరిణామం. అయినా అది దొరికేది ప్రధానంగా ఫ్లయింగ్ స్కూళ్ళున్న చోట్లే. జెట్ విమానాలకి వాడే ఏటీఎఫ్ మాత్రం ఎయిర్‌లైన్ దిగే చోటల్లా ఉంటుంది. ఎస్‌ఆర్22 ట్యాంకులో పనికొచ్చే అవ్‌గ్యాస్ సుమారు 348 లీటర్లు. గంటకి 65 లీటర్లనుకుంటే ఐదు గంటల పైచిలుకు. విజయవాడ వెళ్ళి, జులై ఎదురుగాలిలో తిరిగొచ్చి, వేరే ఎయిర్‌పోర్టుకి మళ్ళాల్సి వస్తే దానికి, ఆ పైన ఐఎఫ్ఆర్ నిల్వగా 45 నిమిషాలకి, మొత్తం బెంగళూరులో నింపుకున్న దాంతోనే సరిపోతుంది. అదే రాజమండ్రి అయితే అంచుల్లో ఉంటుంది, ఆ లెక్కతో నేనైతే బయల్దేరను. కొన్నాక ఈ లెక్కలు వేసుకునే వాళ్ళున్నారు. ముందే వేసుకోవాలి.

అవ్‌గ్యాస్ ఇంజన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెద్ద ఇంజన్ని ఎండలో ఆపి, అరగంట తర్వాత మళ్ళీ స్టార్ట్ చేయాలంటే పైపుల్లో ఇంధనం ఆవిరై సతాయిస్తుంది. అలవాటైన చేతికి లొంగుతుంది. ఆ గొడవలో బ్యాటరీ దిగిపోతే మాత్రం స్పేయర్ కథ గుర్తు చేసుకోవాలి.

ఇన్ని చెప్పి పేర్లు చెప్పకపోతే మీరు వదలరు కాబట్టి చెబుతాను. సెస్నా 172 నేర్చుకోవడానికీ, నేర్చుకున్నది నిలుపుకోవడానికీ ఉత్తమం. తిరుపతి, ఓర్వకల్లు లాంటి దగ్గర దారులకి, మంచి ఋతువులో, సరిపోతుంది. వారం వారం విజయవాడకి సరిపోదు. మన ఎన్‌ఏఎల్ (బెంగళూరులోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ) తయారుచేసిన హంస అంటే ఈ ఊరివాళ్ళందరికీ అభిమానం, నాకూ ఉంది. కానీ అది రెండు సీట్ల శిక్షణ విమానం, ఈ పని దానిది కాదు.

ఒక ఇంజన్ విమానాల్లో ఎస్‌ఆర్22 నాకు నచ్చుతుంది. ఆటోపైలట్ గొప్పది, కరెంటుకి రెండు దారులున్నాయి, అన్నిటికంటే మించి మొత్తం విమానాన్నే కిందికి దించే పారాచూట్ ఉంది. 2002లో మొదటిసారి అది ఒక పైలట్ ప్రాణం నిలబెట్టింది, ఆ తర్వాత ఎంతోమందిని కాపాడింది. మనం దాటేది తూర్పు కనుమలు, నల్లమల అంచులు. రాత్రి వేళ అడవి మీద ఇంజన్ ఆగితే దిగడానికి పొలం కనపడదు. అప్పుడు పారాచూట్‌ని విప్పే ఆ ఎర్ర హ్యాండిల్‌కి విలువ కట్టలేం. నేలకి సుమారు 600 అడుగుల పైన ఉండగానే లాగాలి. ముందే నిర్ణయించుకుని, ప్రాక్టీస్ చేసి ఉన్నవాళ్ళే సమయానికి లాగుతారు. రెండు లోపాలు మాత్రం ఒప్పుకోవాలి, దానికి అవ్‌గ్యాస్ కావాలి, రాడార్ లేదు.

రెండు ఇంజన్ల వాటిలో డైమండ్ డీఏ42, దాని అన్న డీఏ62. వాటి ఆస్ట్రో ఇంజన్లు ఏటీఎఫ్ తాగుతాయి, టర్బో ఉంది కాబట్టి మన ఎత్తుకీ ఎండకీ డీలాపడవు. ఇంధన మిశ్రమం, ప్రొపెల్లర్, థ్రాటిల్ అని మూడు లివర్లుండవు, ఇంజన్‌కి ఒక్కటే, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. పాత తరం రెండు ఇంజన్ల బ్యారన్‌లో ఒక ఇంజన్ పోతే వరసగా చేయాల్సిన పనులు చాలా ఉంటాయి, మబ్బులో ఆ వరస తప్పడం తేలిక. డీఏ42లో ఏది పోయిందో రూఢి చేసుకుని దాని మాస్టర్ స్విచ్ ఆపితే ప్రొపెల్లర్ రెక్కలు వాటంతటవే గాలికి అడ్డులేకుండా పక్కకి ఒరుగుతాయి. అది పైలట్ బుర్రలో మిగిలిన ఖాళీ. మన ఫ్లయింగ్ స్కూళ్ళలో డీఏ42లు ఉన్నాయి కాబట్టి చేయి తిరిగిన ఇంజనీర్లు, విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ. వారం వారం ప్రయాణమంటే విమానం హ్యాంగర్లో విడిభాగం కోసం ఎదురుచూసే రోజులు తక్కువ ఉండాలి, ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. డీఏ62కి ముక్కులో రాడార్ కూడా పెట్టించుకోవచ్చు.

అందుకని, మన గురువారం మనిషికి నా ఓటు డీఏ62కి, అంత పెట్టలేకపోతే డీఏ42కి. ఒక షరతు ఉంది. ఆరు నెలలకోసారైనా బోధకుడితో కూర్చుని ఒక ఇంజన్ ఆపి నడపడం సాధన చేయాలి. తీరిక లేదంటారా, అయితే రెండో ఇంజన్ మీకు రక్షణ కాదు, ప్రమాదం. అప్పుడు పారాచూట్ ఉన్న ఒక ఇంజన్ విమానమే మేలు.

డబ్బుకి వెనకాడని వాళ్ళకి పైపర్ ఎం600, టీబీఎం, పిలాటస్ పీసీ-12, సిరస్ విజన్ జెట్ ఉన్నాయి. రాడార్, ప్రెషరైజ్డ్ క్యాబిన్, ఏటీఎఫ్ అన్నీ ఉంటాయి. పైలట్ స్పృహ తప్పితే లోపలున్నవాళ్ళు ఒక బటన్ నొక్కగానే తనే దిగే ఆటోల్యాండ్ 2020లో వీటిలో కొన్నిటికి వచ్చింది. భార్యాపిల్లల్ని ఎక్కించుకునే ఒంటరి పైలట్‌కి అది చిన్న విషయం కాదు. కానీ 300 నాట్ల విమానంలో అన్నీ రెట్టింపు వేగంతో మీదికొస్తాయి. ఏడాదికి వంద గంటలు కూడా ఎగరని వాళ్ళని నేను వాటి వైపు పంపను.

ఒకటి మరిచాను, అప్రోచ్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకి నియంత్రణ కేంద్రం ఇక్కడే, మన కుందలహళ్ళిలో ఉంది. నేల మీద ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో ఏర్పాటు) లేని చిన్న ఎయిర్‌పోర్టులో కూడా ఉపగ్రహాల సాయంతో ఎత్తుతో సహా దారి చూపించగలదు. 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ అలాగే దిగింది. కాబట్టి కొనే విమానంలో గగన్ సంకేతాలని అందుకునే ఎస్‌బీఏఎస్ రిసీవర్ ఉందో లేదో చూడండి. ముందుముందు మన చిన్న ఊళ్ళకి వెళ్ళే దారి అదే.

ఇక టైమ్‌టేబుల్. విమానానికి తగ్గట్టు టైమ్‌టేబుల్ మార్చుకోవడం చాలామందికి తట్టదు. మార్చి నుంచి నవంబర్ దాకా తెల్లవారగానే వెళ్ళి, కుదిరితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరిగి దిగిపోవాలి. డిసెంబర్, జనవరిలో సరిగ్గా తిరగేయాలి, బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్ళిలోనూ విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరంలోనూ పొద్దున పొగమంచు ఉంటుంది, ఎండెక్కాక బయల్దేరాలి. కెంపేగౌడలో దక్షిణపు రన్‌వేకి దాదాపు ఏమీ కనపడకపోయినా దిగనిచ్చే క్యాట్ 3బి ఉందిగా అని ఆశపడకండి, అది మన విమానానికీ మన రేటింగ్‌కీ పనికొచ్చేది కాదు. చెన్నై వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. భోగి మంటల పొగ పొగమంచుతో కలిస్తే అక్కడ రన్‌వే కనపడదు, 2018లో పెద్ద విమానాలనే వేరే ఊళ్ళకి మళ్ళించారు. ఏడాదికి రెండు టైమ్‌టేబుళ్ళు రాసుకుని, అవతలి వాళ్ళకి ముందే ఇచ్చేయండి. చిన్న ఎయిర్‌పోర్టుల వాచ్ అవర్స్ (తెరిచి ఉండే వేళలు), ఫ్లైట్ ప్లాన్, బయల్దేరే ముందు తీసుకోవాల్సిన ఏడీసీ, ఎఫ్ఐసీ అనుమతి నంబర్లు, వీటికి పట్టే సమయం కూడా అందులో కలపండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: సార్, ఇంత ఖర్చుపెట్టాక కూడా వెళ్ళలేని గురువారాలుంటే కొనడమెందుకు?)

బాగా అడిగారు. ఎయిర్‌లైన్ కూడా కొన్ని రోజులు ఎగరదు, వాళ్ళకి ఇద్దరు పైలట్లు, డిస్పాచ్ ఆఫీసు, నేల మీద బోలెడంతమంది ఉన్నా సరే. మీకు ఉన్నది మీరొక్కరే. నేనైతే వర్షాకాలం గురువారాలన్నిటికీ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ ముందే బుక్ చేసి పెట్టుకోమంటాను. విమానం ఖర్చు ముందు ఆ టిక్కెట్టు ఎంత? జేబులో బెర్త్ ఉన్న మనిషి రాడార్ బొమ్మని ఉన్నదున్నట్టు చదువుతాడు. ఇంకో దారి లేని మనిషి దాంట్లో సందులు వెతుకుతాడు.

(ఇంకొకరు: మొదటి రోజు నుంచే ఒక్కడినే వెళ్ళొచ్చా అండి?)

వద్దు. కొత్త విమానంలో మొదటి వర్షాకాలం మొత్తం కుడి సీట్లో అనుభవమున్న బోధకుణ్ణి కూర్చోబెట్టుకోండి. నిజమైన మబ్బులో, నిజమైన గురువారాల్లో. ఆ ప్యానెల్‌లో ఏ బటన్ ఎక్కడుందో వెతకడం ఆగిపోయిన తర్వాతే ఒంటరిగా వెళ్ళండి. ఆ ఖర్చుని విమానం ధరలోనే కలిపేసుకోండి.

(ఇంకొకరు: సార్, విమానాన్ని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్టుకోవచ్చా? ఇంటికి దగ్గర.)

జక్కూరు నాకూ ఇష్టమే, మనలో చాలామంది అక్కడే నేర్చుకున్నారు. కానీ అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ లేదు, రన్‌వే పొట్టిది, పగటిపూట కంటికి కనపడితేనే దిగాలి. సాయంత్రం ఆలస్యమైనా, మబ్బు కిందికి దిగినా మీరు హెచ్‌ఏఎల్‌కో దేవనహళ్ళికో మళ్ళాల్సిందే. అప్పుడు మీ కారు ఒకచోట, విమానం ఒకచోట, మర్నాడు పొద్దున దాన్ని వెనక్కి తెచ్చే పని ఇంకోటి. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి జక్కూరులోనే దిగాలని మనసు లాగుతుంది, ఆ లాగుడు మంచిది కాదు. ఈ పనికి కొనే విమానాన్ని ఐఎల్ఎస్ ఉన్న చోటే ఉంచండి. హ్యాంగర్ జాగా దొరకడం కష్టం, అద్దె ఎక్కువ. విమానం చూడ్డానికి వెళ్ళేముందే ఆ జాగా మాట్లాడుకుని రండి. అది కుదరకపోతే మిగతా ఎంపిక సంగతి తర్వాత చూద్దాం.